స్టోరుగది మీద చిల్లు

హెబ్రోనుకు దేవుడు రెండు ఇచ్చాడు. రేకు పని తెలిసిన చేతులు ఒకటి, మైకు అక్కర్లేని గొంతు రెండోది. చేతులు ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టాయి. గొంతు ఏం చేసిందో చెప్పడానికే ఇదంతా.

బిట్రగుంట రైల్వే కాలనీ దాటాక, బోగోలు పోయే రోడ్డు పక్కన అతని ఇల్లు. వంటింట్లో పెళ్ళాన్ని మంచినీళ్ళు అడిగితే రోడ్డు మీద పోయేవాడు తనను పిలిచారేమోనని సైకిలు దిగేవాడు. గుసగుస అనేది అతని ఒంట్లోనే లేదు. ఒకసారి ఆరాధన మధ్యలో పక్కాయన చెవిలో, "పాస్టరుగారు ఈ ప్రసంగం పోయిన నెల కూడా చెప్పినాడు కదన్నా" అన్నాడు. ముందు వరసల్లో వాళ్ళు తలలు తిప్పి చూడ్డమే కాదు, పాస్టరుగారే ప్రసంగం ఆపి మంచినీళ్ళు తాగారు. ఇంత జరిగినా, శుభ శుక్రవారం నాడు అతను పాటెత్తుకుంటే ఆ గొంతు విని కళ్ళు తుడుచుకోని మనిషి సంఘంలో లేడు. అందుకని అన్నీ సర్దుకుపోయేవాళ్ళు.

తండ్రి నాటి నుంచీ వాళ్ళది రేకు పని. ట్రంకు పెట్టెలు, బక్కెట్లు, మొక్కలకు నీళ్ళు పోసే డబ్బాలు చేసేవాళ్ళు. ప్లాస్టిక్ వచ్చి ఆ బతుకును ఊడ్చేసింది. సుత్తి పక్కన పెట్టి, ఏ హోటల్లోనో ప్లేట్లు కడుక్కోవాల్సిందేనా అని హెబ్రోను తల పట్టుకుని ఉన్న రోజుల్లో సుశీల్ కుమార్ గారు వచ్చారు. మద్రాసులో పెద్ద హోటలు ఏసీలన్నీ చూసిన ఇంజనీరు ఆయన. రిటైరై వచ్చి, భార్య జయశీలగారి సొంత ఊరని బిట్రగుంటలోనే ఇల్లు కట్టుకుంటున్నారు. హెబ్రోను చేసిన నీళ్ళ డబ్బాను తిరగేసి, బోర్లించి, అతుకుల్ని వేలితో తడిమి చూశారు.

"నీళ్ళని ఆపినోడివి, గాలిని ఆపలేవా?" అన్నారు.

ఆ ఒక్క మాటతో హెబ్రోను డక్టుల పనిలోకి వచ్చాడు. గదికో ఏసీ పెట్టకుండా ఒకే పెద్ద మిషను నుంచి చల్లగాలిని రేకు గొట్టాల్లో ఇల్లంతా పంపడం, ప్రతి గదిలో గ్రిల్లు దగ్గర దాన్ని వదలడం. సినిమా హాళ్ళకూ కల్యాణ మండపాలకూ తప్ప ఇళ్ళకు ఎవరు పెట్టుకుంటారు? సారు పెట్టుకున్నారు. ఊరు నవ్వింది. ఆయన నవ్వనిచ్చారు. రేకు ఎలా మడవాలో, అతుకు ఎలా బిగించాలో, పైన ఏ జిగురు మందు పుయ్యాలో తన ఇంటి గొట్టాల మీదే హెబ్రోనుకు నేర్పారు. ఆ చదువుతో హెబ్రోను కావలి నుంచి నెల్లూరు దాకా మండపాలకూ, రొయ్యపిల్లల హేచరీలకూ డక్టులు కట్టాడు. భార్య ఎలిశబెతునే తోడు తీసుకుపోయేవాడు. పైన అతను, కింద ఆమె.

ఇక్కడ హెబ్రోను మనసులో ఒక ముల్లుంది. ఎక్కడ పని బాగా చేసినా, "సుశీల్ కుమార్ గారి శిష్యుడు కదా, అందుకే" అనేవాళ్ళు జనం. మొదట్లో ఆ మాటకు పొంగిపోయేవాడు. పోనుపోను అది వింటే ఒళ్ళు మండేది. చెమట నాది, పేరు ఆయనదా అని లోలోపల సణుక్కునేవాడు. పైకి మాత్రం, "అంతా సారు దయ" అని చేతులు కట్టుకునేవాడు. ఇది మంచి బుద్ధి కాదని అతనికీ తెలుసు. తెలిసినంత మాత్రాన బుద్ధి మారుతుందా?

పోయిన ఏడు వేసవిలో సారు కన్నుమూశారు. ఈ ఏడు సంవత్సరీకం, అంటే జ్ఞాపకార్థ కూడిక, ఇంట్లోనే పెట్టుకోవాలని జయశీలగారి కోరిక. ఆమె ఆస్పత్రిలో నర్సులందరికీ పెద్దగా పనిచేసి రిటైరైన మనిషి. మాట తక్కువ, వీపు నిటారు. ఆమెకొచ్చిన చిక్కల్లా ఒకటే, ఇల్లు చల్లబడటం లేదు. మిషను పొద్దస్తమానం తిరుగుతుంది, కరెంటు బిల్లు చూస్తే గుండె గుభేలుమంటుంది, హాల్లో మాత్రం ఉక్కపోత. కావలిలో ఏసీలమ్మే కిషోర్ వచ్చి చూసి, "ఈ గొట్టాలు పీకి పారెయ్యండాంటీ, గదికో స్ప్లిట్ ఏసీ పెట్టేస్తా" అన్నాడు.

ఆమె హెబ్రోనును పిలిపించింది.

"మీ సారు పెట్టినవి ఇవి. పీకెయ్యమంటా ఉండారు. నువ్వు పరీక్ష చేసి చెప్పు. పనికిరావంటే పీకేస్తా. కూడిక నాడు ఆయన గాలి అందరికీ తగలాలని ఉండాది నాకు" అంది.

"నేనున్నా కదమ్మా, మీరు దిగులు పెట్టుకోబాకండి" అన్నాడు హెబ్రోను, నాలుగిళ్ళకు వినపడేలా.

పరీక్షంటే పెద్ద తంతేమీ కాదు. ఇంట్లోని గ్రిల్లులన్నిటికీ ప్లాస్టిక్ కాగితం కప్పి టేపు అంటిస్తారు. ఒకచోట మాత్రం బ్లోయరు బిగించి గొట్టాల్లోకి గాలి కొడతారు. గొట్టాలు గట్టివైతే ఆ గాలికి పోయే దారి ఉండదు. లీకులుంటే ఎంత కొట్టినా కడవ నిండదు. ఎక్కడ లీకో పట్టుకోవడానికి పొగ పంపుతారు. అందరూ సాంబ్రాణి వాడతారు గానీ, ఒక విశ్వాసి ఇంట్లోంచి సాంబ్రాణి వాసన వచ్చిందని సంఘంలో ఒకసారి పెద్ద పంచాయితీ అయింది. అప్పటినుంచీ ఎలిశబెతు కొబ్బరిపీచు పొగే పెడుతుంది. పొగ కనపడని చోట హెబ్రోను చేతి వెనకవైపు తడిచేసుకుని దాన్ని అతుకుల వెంట నడిపిస్తాడు. చల్లగా తగిలితే అక్కడ గాలి పారిపోతున్నట్టు.

ఉప్పుగాలికి రేకు అక్కడక్కడా తిన్నది, అతుకుల మీది మందు ఎండి పెచ్చులూడింది. అది మామూలే. బ్రష్షుతో మందు పూసుకుంటూ, టేపు చుట్టుకుంటూ పోతే తీరిపోతుంది. అసలు దొంగ స్టోరుగదిలో దొరికాడు. ఆ గదికి గ్రిల్లు లేదు, గొట్టాన్ని కప్పే సీలింగూ లేదు. గొట్టం అటక మీదుగా పక్క గదికి పోతుంది. అటక మీది పాత ట్రంకు పెట్టెల వెనక, గొట్టం అడుగున, అన్నం పళ్ళెమంత చిల్లు. ఎవరో కత్తెరతో వంకరటింకరగా కత్తిరించారు. దాని అంచుకు దోమతెర గుడ్డ శుభ్రంగా ఉతికి కట్టి ఉంది. చల్లగాలంతా బుస్సుమని కింద ఉన్న ఉల్లిగడ్డల మీదా, బియ్యం బస్తాల మీదా కొడుతోంది.

చూడగానే తెలిసింది, అది సారు కత్తిరింపేనని. ఎంత ఇంజనీరైనా ఆయనకు కత్తెర పట్టడం రాదు. హెబ్రోనుకు లోపల ఎక్కడో గుప్పుమని సంతోషం పుట్టింది. అవును, సంతోషమే. పెద్దాయన తప్పు తన కంటపడినందుకు.

గుమ్మంలో పోలేరమ్మ నిలబడి చూస్తోంది. బోగోలు అవతల సముద్రం ఒడ్డు పాళెం ఆమెది. సారు వాళ్ళమ్మకు సేవ చెయ్యడానికి వచ్చి, ఆ ముసలమ్మ పోయాక కూడా ఈ ఇంట్లోనే ఉండిపోయింది. వెనక్కి పోదామంటే ఎవరూ లేరు.

"అబ్బయా, అది..." అంది.

"నీకెందుకవ్వా, ఇది నీకు తెలిసే పని కాదు. జరుగు, రేకు కాలు మీద పడతాది" అన్నాడు హెబ్రోను.

అతను దోమతెర పీకి కింద పారేశాడు. చిల్లు మీద కొత్త రేకు పెట్టి మరలు బిగించి, చుట్టూ మందు దట్టంగా పూశాడు. పోలేరమ్మ ఆ గుడ్డముక్కను ఏరుకుని, మడతపెట్టి, కొంగులో దోపుకుని పోయింది. మూల చుట్టి పెట్టిన చాపను అతను చూశాడు కూడా. చూసి, దాని మీదుగా నిచ్చెన జరుపుకున్నాడు.

కూడిక రోజు వచ్చింది. ఒక్క అతుకు మిగిలింది. మిద్దె మీది మిషను పక్కనున్న పెద్ద డబ్బాలో, గొట్టాలన్నీ మొదలయ్యే చోట, లోపల తలదూర్చి పుయ్యాల్సిన అతుకది. ఎలిశబెతు పొద్దున్నే గ్రిల్లుల మీది ప్లాస్టిక్ కాగితాలన్నీ తీసేసి, హాల్లో కుర్చీలు సర్ది, ఆడవాళ్ళతో కలిసిపోయింది. జనం వచ్చారు. చెమటలు కారుతున్నా ఎవరూ విసనకర్ర ముట్టలేదు. మౌన ప్రార్థన కాగానే హెబ్రోను మిషను వేస్తాడనీ, సారు పెట్టిన గాలి వస్తుందనీ, ఆ తర్వాత సారుకిష్టమైన పాట హెబ్రోనే పాడతాడనీ జయశీలగారు ముందే అందరికీ చెప్పింది. పాస్టరుగారు, "కన్నులు మూసి దేవుని సన్నిధిలో మౌనముగా ఉందాము" అన్నారు.

సరిగ్గా అప్పుడే మిద్దె మీద, డబ్బాలో తల పెట్టి ఉన్న హెబ్రోను జేబులో ఫోను మోగింది. కిషోర్. చేతినిండా మందు ఉంది గనక స్పీకరు నొక్కి జేబులోనే పెట్టుకున్నాడు.

"ఏందన్నా, పీకుతున్నావా లేదా ఆ గొట్టాలు?"

"పీకేదేంది! బంగారంలాగా చేసిపెట్టినా. ఇప్పుడు చీమ ఊపిరి కూడా బయటికి పోదు."

"మరి పెద్ద ఇంజనీరు గారి పని గదా, ఎందుకు పాడైందంట?"

అంతే. ఎన్నాళ్ళ నుంచో గొంతులో అడ్డంపడి ఉన్నదంతా కట్ట తెగినట్టు వచ్చేసింది.

"ఇంజనీరా, మట్టిగడ్డా! స్టోరుగది మీద గొట్టానికి ఇంత బొక్క పెట్టి పోయినాడు రా నాయనా! ఎలక కొరికినట్టు కొరికినాడు. ఇన్నేళ్ళూ ఆ చల్లగాలంతా ఉల్లిగడ్డలకి పోయినాది. ఆయమ్మేమో ఉల్లిగడ్డలకి కరెంటు బిల్లు కట్టుకుంటా, మా ఆయన గాలి, మా ఆయన గాలి అని కూడిక పెట్టుకోనుండాది! ఆయప్ప నాకు పని నేర్పించినాడంట. ఎవురు ఎవురికి నేర్పించినారు? రేకు పట్టుకునేది తెలీదు ఆయప్పకి. చేసిందంతా నేను. పేరు మాత్రం..."

అక్కడ ఆగాడు. ఎందుకు ఆగాడంటే, తన మాటే తనకు తిరిగి వినపడింది. పేరు మాత్రం, పేరు మాత్రం అని ఇంట్లో ప్రతి గదిలోంచీ పలికినట్టు పలికింది. డక్టులో మాట పారుతుందని తెలియని వాడా అతను? ఎంతమంది ఇంటివాళ్ళకు తానే నవ్వుతూ చెప్పాడు, గొట్టం దగ్గర రహస్యాలు మాట్లాడుకోబాకండి అని! ఇదివరకైతే సగం మాట లీకుల్లో పోయేది. రెండు రోజులు ఒంగి, పాకి, ఒక్క సందు కూడా లేకుండా మూసింది తనే కదా. అతని గొంతు ఒక్క అక్షరం పోకుండా హాల్లోకి దిగింది. అదీ మౌన ప్రార్థనలోకి.

హెబ్రోను తల డబ్బాలోంచి బయటికి తీయలేదు. అందులోనే ఉండిపోతే బాగుండుననిపించింది. చెమట కళ్ళలోకి కారుతోంది. కింద ఎవరో ఒకరు తిడితే బాగుండు, కుర్చీ ఎత్తి కొడితే బాగుండు. చాలాసేపటికి జయశీలగారి గొంతు గొట్టంలోంచి పైకి వచ్చింది, పక్కనే నిలబడి చెప్పినంత స్పష్టంగా.

"హెబ్రోనూ, స్విచ్చి ఎయ్యి నాయనా."

వేశాడు. మెట్లు దిగి హాలు గుమ్మం దగ్గరికి వచ్చేసరికి చల్లగాలి అన్ని గ్రిల్లుల్లోంచీ జలజలా దిగుతోంది. ఇంత బాగా ఏ ఇంట్లోనూ రాలేదు. ఒక్కరూ తలెత్తి అతని వైపు చూడలేదు. ఎలిశబెతు ఒళ్ళో బైబిలు పెట్టుకుని, దాన్నే చూస్తూ కూర్చుంది. ఆమె చెవులు ఎర్రబడి ఉన్నాయి. జయశీలగారు మాత్రం నిటారుగా, సారు ఫోటో పక్కన కుర్చీలో ఉంది.

వంటింటి గుమ్మంలోంచి పోలేరమ్మ హాల్లోకి వచ్చింది. పెద్దల కూడికలో ఆమె ఎప్పుడూ నోరు తెరిచింది లేదు.

"అమ్మా, ఆ బొక్క ఉల్లిగడ్డలకి కాదమ్మా. నాకు."

"నీకా?" అంది జయశీలగారు.

"ఆ గదిలో పండుకుంటే ఎండలకి నాకు ఒళ్ళంతా పేలిపొయ్యి, రాత్రిళ్ళు కూకోనుండే దాన్ని. అయ్య చూసినాడు. మీరు ఊళ్ళో లేనప్పుడు నిచ్చెనేసుకోని కత్తిరించినాడు. చెయ్యి కూడా తెగింది, మీకు తలుపు సందులో పడిందని చెప్పినాడు. పురుగూ పుట్రా నా మీద పడకుండా గుడ్డ కట్టినాడు. ఏడాదికోసారి ఆ గుడ్డ దించి ఇచ్చేవోడు, నేను ఉతికితే మళ్ళా కట్టేవోడు. అయ్య పోయినాక నేనే అటక ఎక్కి కడతా ఉండా. అయ్యని ఏం అనబాకండమ్మా, ఆయన తెలీక చెయ్యలా."

"నాతో ఒక్క మాట చెప్పలేదే ఆయన!"

పోలేరమ్మ జవాబు చెప్పడానికి ఇష్టపడలేదు. కానీ అబద్ధం ఆడటం ఆమెకు చేతకాదు.

"స్టోరుగదికి ఏసీ ఏంది, ఫ్యాను చాల్లే అని మీరు అన్నారంట కదమ్మా. అందుకని."

ఆ నిటారు వీపు అప్పుడు వంగింది. సంఘమంతా చూస్తుండగా జయశీలగారు మొహం చేతుల్లో పెట్టుకుంది. గుమ్మంలో నిలబడ్డ హెబ్రోనుకు తల కొట్టేసినట్టయింది. చనిపోయినాయన పరువు ఒక్కటే తీశాననుకున్నాడు. బతికున్న ఆమె పరువు కూడా తీశాడు. ఆయన ఎంత జాగ్రత్తగా దాచుకున్న సంగతి! కత్తెర పట్టడం రాకపోయినా తనను పిలవకుండా, చెయ్యి కోసుకుని మరీ ఎందుకు చేసుకున్నారో ఇప్పుడర్థమైంది. హెబ్రోనుకు చెబితే ఊరంతటికీ చెప్పినట్టేనని సారుకు తెలుసు.

పాస్టరుగారు గొంతు సవరించుకుని, "హెబ్రోను, ఆ పాట..." అన్నారు, ఏం అనాలో తోచక. హెబ్రోను నోరు తెరిచాడు. గొంతు రాలేదు. జీవితంలో మొదటిసారి రాలేదు. ఎలిశబెతు తలెత్తకుండానే, సన్నటి గొంతుతో, శ్రుతి అటూ ఇటూ పోతూ, ఆ పాట మొదలుపెట్టింది. తక్కినవాళ్ళు మెల్లగా అందుకున్నారు.

మర్నాడు పొద్దున్నే కొత్త గ్రిల్లు సంచిలో పెట్టుకుని వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. "అమ్మా, నన్ను ఏమైనా అనండి" అన్నాడు. జయశీలగారు సంచిలోని గ్రిల్లు వైపు చూసింది. "ఉన్నవాటిల్లో మంచిదేనా అది?" అని మాత్రం అడిగింది. ఆమె కళ్ళు వాచి ఉన్నాయి. అతను వేసిన రేకు ఊడదీసి, చిల్లును చదరంగా సాపు చేసి, హాల్లో ఉన్నదానికంటే మేలైన గ్రిల్లు బిగించాడు. పోలేరమ్మ వెనక వరండాలో బియ్యం ఏరుకుంటూ ఉంది, అటు రాలేదు. కూలి ఇవ్వబోతే హెబ్రోను తీసుకోకుండా పారిపోయాడు.

రోహిణి కార్తె ముదిరాక మళ్ళీ వచ్చాడు. వేసిన మందు నిలిచిందో లేదో ఓసారి చూసిపోవడం అతని పద్ధతి. నిజానికి ముఖం చెల్లక రావడం ఆలస్యం చేశాడు. ఇల్లు మంచులా ఉంది. జయశీలగారు మజ్జిగ ఇచ్చి, బిల్లు సగానికి సగం తగ్గిందనీ, చూసినవాళ్ళంతా పని మెచ్చుకుంటున్నారనీ చెప్పింది. మెచ్చుకోలు ఒక్కోటీ చెంపమీద కొట్టినట్టే తగిలింది అతనికి.

స్టోరుగదిలోకి పోయి, చేతి వెనకవైపు తడిచేసుకుని గ్రిల్లు కింద పెట్టాడు. గాలి లేదు. నిచ్చెనెక్కి చూస్తే గ్రిల్లు సందుల్లో పాత చీర మడతలు పెట్టి, ఒక్క పోగు బయటికి రాకుండా కుక్కి ఉంది. ఆ గదిలో నిప్పులు కురుస్తున్నాయి. మూల చాప లేదు. చాప వరండాలో ఉంది, దాని మీద పోలేరమ్మ, చేతిలో తాటాకు విసనకర్ర. మెడంతా చెమట పొక్కులు.

"ఎందుకవ్వా మూసేసినావు?" హెబ్రోను అడిగాడు.

"నీ మీద కోపంతో కాదులే అబ్బయా" అంది ఆమె. "అయ్య ఇచ్చినప్పుడు అది ఆయనకే తెలుసు, నాకే తెలుసు. పండుకుంటే చల్లంగా తగిలేది, నాకూ ఒకరుండారులే అనుకునేదాన్ని. ఇప్పుడు ఇంటికొచ్చినోళ్ళంతా స్టోరుగదిలోకి తొంగిచూసి, ఇదేనా పోలేరమ్మ గాలి అంటా ఉండారు. అమ్మేమో తెల్లారితే చాలు, చల్లంగా పండుకున్నావా అని అడగతాది, పాపం ఆయమ్మ బాధ ఆయమ్మది. దాని కింద పండుకుంటే ఊరంతా నన్ను చూస్తా ఉన్నట్టే ఉండాది. నిద్దర రాదు."

"ఆ గ్రిల్లు తీసేస్తానవ్వా. ఇంకెవురూ ఏమీ అనకుండా నేను..."

"నువ్వేం చేస్తావులే" అంది, తిట్టినట్టు కాదు, మామూలుగానే. "అమ్మకి మాత్రం చెప్పబాక. చల్లంగా ఉండాదనే అనుకోనీ. ఈసారన్నా నోట్లో ఉంచుకో."

హెబ్రోను హాల్లోకి వచ్చాడు. గ్రిల్లుల్లోంచి చల్లగాలి దిగుతోంది. జయశీలగారు కుర్చీలోంచి, "ఇంక ఎక్కడా లీకు లేదు కదా? పోలేరమ్మకి బాగా వస్తా ఉండాదా గాలి?" అని ఆత్రంగా అడిగింది.

"వస్తా ఉండాదమ్మా" అన్నాడు.

"ఏందీ? వినపళ్ళా నాకు. గట్టిగా చెప్పు."

వరండాలో విసనకర్ర చప్పుడు ఆగింది. హెబ్రోను నేలచూపులు చూస్తూ గొంతు పెంచి, ఇల్లంతా వినపడేలా మళ్ళీ చెప్పాడు.

"బాగా వస్తా ఉండాదమ్మా."